అమాబిలె అమ్మమ్మ కొవ్వొత్తి

వెనిస్ ఇంకా నీళ్ళలో మునిగిపోకుండా నిలబడి ఉందంటే అది మా అమ్మమ్మ చలవే. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను. గట్లు కట్టాం అని ఇంజనీర్లు చెప్పుకుంటారు, ప్రార్థనలు చేశాం అని పాదిరీలు చెప్పుకుంటారు. వాళ్ళ మాటలు నమ్మకండి. పంతొమ్మిదివందల అరవై ఆరు నవంబరు నాలుగున సముద్రాన్ని వెనక్కి పంపిన మనిషి పేరు అమాబిలె బల్లారిన్. ఎత్తు మీటరున్నర. వృత్తి పూసలు గుచ్చడం. సముద్రంతో మాట్లాడేటప్పటికి ఆవిడ కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

అప్పట్లో మావాళ్ళ ఇల్లు కస్తెల్లో పేటలో ఉండేది, నేల అంతస్తు. అమ్మమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో చెక్కపళ్ళెం నిండా గాజుపూసలు పోసుకుని కూర్చునేది. చేతిలో విసనకర్రలా పరిచిన నలభై సన్నటి సూదులు. పళ్ళెంలో ఒక్కసారి ముంచి లేపితే ప్రతి సూదికీ పూసలు ఎక్కి వచ్చేవట. నేను ఒక్క సూదిలో దారం ఎక్కించడానికి నాలుగుసార్లు ఎంగిలి చేస్తాను కాబట్టి, ఆ కథ చెప్పినప్పుడల్లా ఆవిడ నా వేళ్ళవైపు జాలిగా చూస్తుంది.

ఆ రోజు తాతయ్య అత్తీలియో రాత్రి డ్యూటీకని మార్గెరా ఫ్యాక్టరీకి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. తెల్లవారకముందే పోటు వచ్చింది. వచ్చిన పోటు పోవాలి కదా, పోలేదు. దాని మీద ఇంకో పోటు వచ్చింది. కరెంటు పోయింది. ఇళ్ళు వెచ్చబెట్టే పొయ్యిల నూనె నీళ్ళ మీద నల్లగా తేలుతూ ఇంట్లోకి వచ్చింది. ఉబ్బిపోయిన తలుపు ఎంత లాగినా తెరుచుకోలేదు. రెండేళ్ళ మా అమ్మ లొరెదానాని అల్మారా మీద పడుకోబెట్టి, అమ్మమ్మ బల్లెక్కి నిలబడింది. పూసల పళ్ళెం ఆవిడ చుట్టూ పడవలా తిరిగింది. సాయంత్రానికి బల్ల మునిగి, నీళ్ళు ఆవిడ చీలమండలు దాటాయి.

అప్పుడు మొక్కుకుంది. "అమ్మా మరియమ్మా, నీళ్ళు ఇక్కడే ఆపు. నీ పండగనాడు నీ గుడికొచ్చి ఒక కొవ్వొత్తి వెలిగిస్తాను. ఆర్పకుండా, అడుగంటా కాలేదాకా."

రాత్రి తొమ్మిదింటికి నీళ్ళు తీశాయి. గాలి మళ్ళిందని పేపర్లు రాశాయి. గాలితో ఎవరు మాట్లాడారో మాత్రం రాయలేదు.

ఆ పండగ సలూతే పండగ, నవంబరు ఇరవై ఒకటిన. సలూతే అంటే ఎప్పుడో ప్లేగు పోయినందుకు ఊరు ఊరంతా కలిసి మరియమ్మకి కట్టిన చర్చి. ఆ రోజుకని పెద్దకాలవ మీద పడవలు వరసగా నిలిపి, వాటి మీద చెక్కలు పరిచి తాత్కాలికంగా వంతెన వేస్తారు. దాని మీద నడిచి వెళ్ళి కొవ్వొత్తి ఇవ్వాలి. వరద వచ్చిన పదిహేడో రోజున అమ్మమ్మ ఎవరివో బూట్లు అడిగి తొడుక్కుని, చంకలో మా అమ్మతో ఆ వంతెన దాటింది. కొవ్వొత్తి చేతికిచ్చింది. అక్కడి మనిషి వెలిగించి మేకుకి గుచ్చాడు. ఆవిడ దణ్ణం పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకో వెనక్కి తిరిగి చూసింది.

ఆ మనిషి ఆవిడ కొవ్వొత్తిని ఉఫ్ మని ఊది, పెట్టెలో పడేసి, ఇంకొకరిది గుచ్చుతున్నాడు.

అందులో అతని తప్పేం లేదు. అక్కడున్న మేకులు రెండువందలు, వచ్చే జనం ఊరంతా. ప్రతి కొవ్వొత్తికీ రెండు నిమిషాలు దక్కితే గొప్ప. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోరు, ఇచ్చేసి వెళ్ళి పీచుమిఠాయి కొనుక్కుంటారు. మా అమ్మమ్మ మాత్రం ఆ ఊదిన శబ్దాన్ని ఇంటికి మోసుకెళ్ళింది.

మరుసటేడు వసంతంలో నేల అంతస్తులు ఖాళీ చేసిన వాళ్ళందరితోపాటు మావాళ్ళూ నీళ్ళ మీది పొడుగాటి రోడ్డు గట్టు దాటి, అవతల నేల మీదున్న మెస్త్రె ఊరికి మారారు. అమ్మమ్మ అడిగిన షరతు ఒక్కటే. నాలుగో అంతస్తుకి తక్కువైతే సంతకం పెట్టనంది. అక్కడ బడి వంటశాలలో పళ్ళేలు కడుగుతూ ముప్పై ఏళ్ళు పనిచేసింది, తాతయ్యని శ్మశానానికి సాగనంపింది, నన్ను పెంచింది. పుట్టిన ఊరికి మాత్రం చుట్టంలా ఏడాదికోసారి బస్సులో వెళ్ళి, బస్సులో తిరిగొచ్చేది. ఆ ఒక్కరోజు కొవ్వొత్తి కోసమే.

అది ఒక్క ఏడూ చివరిదాకా కాలలేదు.

మీకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. నాకూ ఉండేది. కానీ వెనిస్‌లో నీళ్ళొచ్చాయని టీవీలో చూపించినప్పుడల్లా అమ్మమ్మ చేతిలో చెంచా ఆగిపోయేది. "నావల్లే. మాటిచ్చి తీర్చలేదుగా, ఆవిడ గుర్తుచేస్తోంది" అనేది. మా అమ్మ విసుక్కునేది. "అమ్మా, అది చంద్రుడివల్ల, గాలివల్ల." "నువ్వు అల్మారా మీద గుర్రుపెట్టి నిద్రపోయావు. నీకేం తెలుసు?" అని అమ్మమ్మ ఆ రాత్రి అన్నం ముట్టేది కాదు.

ఇక ఈ మొక్కు తీర్చడంలో మా అమ్మమ్మ చేసిన తప్పు, కస్తెల్లోలో పుట్టినవాళ్ళెవరైనా చేసేదే. మొక్కు పెద్దది కాబట్టి కొవ్వొత్తి ఇంకా పెద్దది కావాలనుకుంది. ఏడాదికేడాది పొడుగు పెరిగింది. నాకు ఊహ తెలిసేసరికి నా ఎత్తుంది. నేను పెరిగాను, అదీ పెరిగింది. నాకు పందొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు వంతెన దగ్గర అమ్మేవి చాలవని ఆవిడ మెస్త్రెలోనే చేయించినది బస్సులో పట్టక, డ్రైవరు దానికి కూడా టికెట్టు తియ్యమన్నాడు.

చర్చిలో కొవ్వొత్తుల దగ్గర ఇరవై ఏళ్ళుగా ఉండే మనిషి ఒత్తొరీనో. ఒకప్పుడు కాలవల మీద తిరిగే స్టీమరు నడిపేవాడు, కాబట్టి జనాన్ని ఎక్కించి దించడం బాగా తెలుసు. ఆ ఏడు ఆ స్తంభాన్ని చూసి నోరు తెరిచాడు.

"సియోరా అమాబిలె, దీన్ని ఏ మేకుకి గుచ్చను? చర్చి గోపురం మీద పెట్టనా?"

"నీ నెత్తిన గుచ్చుకో, కానీ ఆర్పకు."

"ఇది ఆగకుండా కాలితే మూడు రోజులు. మీరు మంచం తెచ్చుకున్నారా?"

"తెచ్చుకోమంటే తెచ్చుకుంటాను."

మర్యాదకి నాలుగు నిమిషాలు ఉంచి ఊదేశాడు. తిరుగు బస్సులో అమ్మమ్మ కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. ఆవిడ్ని నవ్విద్దామని నేను అన్నాను, "అమ్మమ్మా, వచ్చే ఏడు కేకు మీద గుచ్చే కొవ్వొత్తి పట్టుకురా. ఒత్తొరీనో ఊపిరి పీల్చేలోపు అదే అయిపోతుంది."

గొడుగుతో మోకాలి మీద ఒక్కటిచ్చింది. "మరియమ్మతో పరాచికాలా, దొంగమొహమా! మధ్యలో బడి మానేసినదానికి మాటలు మాత్రం నిండుగా వచ్చు."

తర్వాతి అక్టోబరులో ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయింది. డెబ్బై ఎనిమిదేళ్ళు. పండగకి అయిదు వారాలుంది. డాక్టరు మెట్లొద్దన్నాడు, రద్దీ వద్దన్నాడు, ఊగే వంతెన సంగతి అడగ్గానే మా అమ్మ ముఖంలోకి చూసి, "ఆవిడ నిజంగానే అడుగుతోందా?" అన్నాడు.

పండగ ముందురోజు వంటింట్లో గొర్రెమాంసం క్యాబేజీతో కుతకుతా ఉడుకుతోంది. పొగబెట్టిన ఆ మాంసాన్ని మూడు రోజులు నీళ్ళు మార్చి మార్చి వండితే గాని ఆ పండగ చారు కాదు. మా అమ్మ గరిటె తిప్పుతూ తీర్పు చెప్పింది.

"ఒర్నెల్లా వెళ్ళి నీ పేరున ఇచ్చి వస్తుంది. నువ్వు కదలవు."

"బల్ల మీద నిలబడింది ఒర్నెల్లానా?" అంది అమ్మమ్మ నావైపు వేలు చూపించి.

"అమ్మా, వచ్చే ఏడు వెళ్దువుగాని."

"వచ్చే ఏడు నేనుంటానని నీకెవరు చెప్పారు? డాక్టరా? చీటీ మీద రాసిచ్చాడా? చూపించు."

మా అమ్మ దగ్గర ఆ చీటీ లేదు. చివరికి నన్ను కాపలాగా పంపింది. వంతెన మీద కాలు కొంచెం తడబడినా సరే, ఎత్తుకునైనా వెనక్కి తీసుకురమ్మని నా చెవిలో చెప్పింది. అన్నట్టు, ఆ వారమంతా వంటింట్లో ఏదో మాడిన వాసన వస్తోందని, వంట గడియారం ఎప్పుడు చూసినా అమ్మమ్మ గదిలో దొరుకుతోందని అమ్మ సణుగుతూనే ఉంది. మాంసం వాసనే అని నేను కొట్టిపారేశాను.

ఉదయం పొగమంచు. బస్సు గట్టు మీద వెళ్తుంటే రెండువైపులా నీళ్ళు కనబడలేదు, తెల్లగా ఏమీ లేనట్టుంది. అమ్మమ్మ గోధుమరంగు కోటు వేసుకుని, చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, ఒళ్ళో నల్లటి చేతిసంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది. స్టీమరు దిగి వంతెన దగ్గరికి వచ్చేసరికి దారికి రెండుపక్కలా కొవ్వొత్తుల బళ్ళు. చిన్నవి, పెద్దవి, బంగారు కాగితం చుట్టినవి.

"ఏది కొందాం?" అన్నాను.

"నడు."

రెండో బండి, మూడో బండి. అమ్మేవాళ్ళు ఆవిడ్ని గుర్తుపట్టారు. "సియోరా, మీకోసమే పొడుగుది దాచి ఉంచాను!" అని ఒకామె కేక వేసింది. అమ్మమ్మ తలాడించి ముందుకు సాగింది. చివరి బండి కూడా దాటేశాం. ఆపరేషన్ మత్తుమందు కాలికి కాక బుర్రకి ఎక్కిందేమో అనుకున్నాను.

"అమ్మమ్మా, కొవ్వొత్తి లేకుండా ఏం ఇస్తావ్? నన్నా?"

"నువ్వు వెలగవు. నడు."

వంతెన ఎక్కాం. కింద పడవలు కదిలినప్పుడల్లా చెక్కలు కిర్రుమంటున్నాయి. ఆవిడ కర్ర ముందు పెట్టి, ఆపరేషన్ కాలు తెచ్చి, తర్వాత మంచి కాలు తెస్తోంది. పక్కనుంచి జనం ప్రవాహంలా పోతున్నారు. నడిమధ్యన ఆగింది. పెదవులు తెల్లబడ్డాయి. నేను చెయ్యి పట్టుకోబోయాను.

"వెనక్కి వెళ్దాం. అమ్మ చెప్పింది..."

"వెనక్కి ఎంత దూరం?"

"సగం."

"ముందుకి?"

"అదీ సగమే."

"మరి నోరు మూసుకుని నడు."

అప్పుడే మెడలో కెమెరా వేలాడుతున్న విదేశీ దంపతులెవరో మా దగ్గర ఆగారు. చర్చిలోకి టికెట్టు ఎక్కడ కొనాలని ఆయన వచ్చీరాని ఇటాలియన్‌లో అడిగాడు. "ఇవాళ టికెట్టు కొవ్వొత్తి" అంది అమ్మమ్మ. "మీ టికెట్టు ఏది?" అన్నాడాయన నవ్వుతూ. అమ్మమ్మ చేతిసంచి మీద తట్టింది. ఆ సంచిలో మహా అయితే కళ్ళజోడు, మాత్రలు పడతాయి. నాకేమీ అర్థం కాలేదు. ఆయన మాత్రం ఆవిడకి చెయ్యి అందించాడు, ఆవిడ రాణిలా అందుకుంది, అలా వంతెన దిగాం. చర్చి మెట్లు పదిహేను. వాటిని ఎవరి చెయ్యీ లేకుండా ఎక్కింది.

లోపల మైనం వాసన, తడికోట్ల వాసన. వరస గంటసేపు జరిగి జరిగి కొవ్వొత్తుల దగ్గరికి చేరాం. ఒత్తొరీనో మమ్మల్ని దూరంనుంచే చూశాడు.

"సియోరా అమాబిలె! స్తంభం ఏదీ? పడవలో వస్తోందా?"

అమ్మమ్మ సంచి తెరిచింది. చేతిరుమాలు తీసింది. మడతలు విప్పింది. అందులో గులాబీరంగు కొవ్వొత్తి ఒకటి, నా చిటికినవేలంత కూడా లేదు. రాబోయే నా ఇరవయ్యో పుట్టినరోజు కేకుకి ముందే తెచ్చి పెట్టిన డబ్బాలోది.

ఒత్తొరీనో ఒక క్షణం చూసి పగలబడి నవ్వాడు. వెనక వరసలోవాళ్ళు తొంగిచూసి వాళ్ళూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ మాడిన వాసన ఏమిటో, వంట గడియారం ఆవిడ గదిలోకి ఎందుకు పోయిందో అప్పుడు తెలిసింది. డబ్బాలో ఇరవై నాలుగుండాలి. వారమంతా తలుపేసుకుని ఒక్కొక్కటే వెలిగించి, ఎంతసేపు కాలుతుందో కొలిచింది మా అమ్మమ్మ.

"ఇది కేకు మీదది, సియోరా."

"మైనమేనా?"

"మైనమే అనుకోండి..."

"వత్తి ఉందా?"

"ఉంది."

"విరిగిందా? ఎక్కడన్నా కోశానా?"

"లేదు."

"అయితే ఇది ఒక కొవ్వొత్తి. నేను ఒక కొవ్వొత్తి అన్నాను. ఎంతదో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. అయిదు నిమిషాలు పడుతుంది. వెలిగించు."

"మేకుకి గుచ్చితే చీలిపోతుంది."

"నువ్వు ముట్టుకోకు." పక్కన కాలుతున్న కొవ్వొత్తి మైనం రెండు చుక్కలు ఇనుప అంచు మీద వంచి, నలభై సూదులు పట్టిన ఆ వేళ్ళతో దాన్ని అక్కడ నిలబెట్టింది. వెలిగించింది.

మొదటి రెండు నిమిషాలు గొడవ లేదు. తర్వాత వెనక జనం ఒత్తిడి పెరిగింది. ఒత్తొరీనో ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ ఆ వరసలోవి ఒక్కొక్కటే ఊదుకుంటూ వచ్చి, దీని మీదకీ వంగాడు. అమ్మమ్మ అరచెయ్యి అతని నోటికి అడ్డం పెట్టింది.

"మ్మ్!" అన్నాడు.

"యాభై ఏళ్ళు ఊదారు మీరంతా. చాల్లే."

"సియోరా, వెనక వెయ్యి మంది!" చెయ్యి తప్పించుకుని అన్నాడు.

"వాళ్ళది ముక్కాలు భాగం కాలకపోయినా వాళ్ళకి నిద్ర పడుతుంది. నాకు పట్టదు."

"ఏమిటీ ఆలస్యం?" అని వెనకనుంచి ఒకాయన అరిచాడు. నేను నోరున్నదాన్ని కదా, గట్టిగా చెప్పేశాను. "అరవై ఆరు వరదలో మొక్కుకుంది! చివరిదాకా కాలాలి! ఇంకా రెండు నిమిషాలు!"

అరవై ఆరు అనగానే అక్కడి ముసలివాళ్ళ ముఖాలు మారిపోయాయి. బొచ్చుకోటు వేసుకున్న ఒక పెద్దావిడ ముందుకొచ్చి, తలుపు గాలి తగలకుండా తన కోటు అంచు పరిచి నిలబడింది. ఇంకొకరు టోపీ అడ్డం పెట్టారు. ఒత్తొరీనో చేతులు కట్టుకుని తనూ మంటకేసి చూడసాగాడు. దానికి బారెడు పొడుగు కొవ్వొత్తుల మధ్య నిలబడ్డానని సిగ్గేమీ లేదు, హాయిగా కాలుతోంది.

గులాబీరంగు తరిగి తరిగి బొట్టంత మిగిలింది. వత్తి పక్కకి ఒరిగి, నీలంగా ఒకసారి మెరిసి ఆరింది.

"అయిపోయింది, సియోరా" అన్నాడు ఒత్తొరీనో మెల్లగా.

"ఆగు. ఇంకా ఎర్రగా ఉంది."

వత్తి చివర ఎరుపు చుక్క కూడా నల్లబడేదాకా ఆగాం. సన్నటి పొగ లేచి పోయింది. అప్పుడు అమ్మమ్మ రుమాలు మడిచి సంచిలో పెట్టుకుని, అల్మారాకి తాళం వేసినట్టు టప్పుమని మూసింది.

"ఇప్పుడయింది. వీళ్ళవి ఊదుకో ఇంక, నీ ఇష్టం."

ఇంటికొచ్చి ఆ పండగ చారు రెండు గిన్నెలు తాగింది. మోకాలు గుమ్మడికాయలా వాచింది. మా అమ్మ ఐసుముక్కల గుడ్డ చుడుతూ ఏకధాటిగా తిట్టింది. మధ్యలో ఒక్కసారి ఆగి, "మొత్తం కాలిందా?" అని అడిగింది. "అడుగంటా" అన్నాను. మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది గాని గొంతు మారిపోయింది.

ఆ డిసెంబరులో వెనిస్‌లో మళ్ళీ నీళ్ళొచ్చాయి. టీవీలో చూపించారు. నేను అమ్మమ్మ చెంచా వైపు చూశాను. అది ఆగలేదు. నింపాదిగా ముద్ద మింగి, "ఇది నాది కాదు. ఆ ఇంజనీర్లని అడగండి" అంది.

ఈ కథంతా రాసి నిన్న ఆవిడకి చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. కేకు కొవ్వొత్తి ఆలోచన నాదేనని, అది ఇంతవరకూ ఒప్పుకోలేదని, కనీసం కాగితం మీదైనా ఒప్పుకోవాలని అడిగాను.

అమ్మమ్మ తొక్కలు ఒకపక్కకి తోసి నావైపు చూసింది.

"నా కొవ్వొత్తి చివరిదాకా కాలింది. నీ బడి సగంలో ఆరింది. అది రాయలేదేం?"